పెట్టెలో సర్దని సంగతి

తణుకులో ఒక యింటి పిల్లవాడు చదువునకు అమెరికా పోవుచున్నాడనిన, ఆ వీధియంతయు పెట్టె సర్దుటలో ఆరితేరినదే. 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు. ఆవకాయ ఎంత, కందిపొడి ఎంత, కుక్కరు ఏ మూల పట్టును, పూతరేకులు నలగకుండ ఏ బట్టల నడుమ నుంచవలెను, ఇవన్నియు ముందు పోయినవారి తల్లులు వచ్చి చెప్పుదురు. చలికోటు ఇక్కడ కొనవలెనా, అక్కడ కొనవలెనా యను చర్చ రెండు పూటలు సాగును. బ్యాంకు కాగితములకు, వీసా ముద్రకు, విమానము మారు చోటికి లోటుండదు. పిల్లవాడు పోవుచున్నది ఎట్టి దేశమునకో మాత్రము ఎవరును చెప్పరు. నన్నయభట్టు యజ్ఞము చేసిన నేల యిదియని వేయేండ్లనాటి మాట చెప్పుకొని పొంగిపోవు ఊరికి, తన మనుమలు పుట్టి పెరుగబోవు దేశపు నూటయేబది యేండ్ల చరిత్ర అక్కరలేనిదైనది.

చిన్న సంగతులు దిగిన నెలలోపలనే ఎవరైనను నేర్చుకొందురు. ఆపద వచ్చినచో 911కు ఫోను చేయవలెననియు, పోలీసు కారాపినప్పుడు దిగక చేతులు స్టీరింగుపై కనబడునట్లుంచవలెననియు, చట్టములు రాష్ట్రమునకొక తీరుగా నుండుననియు, ఆరోగ్య బీమా లేనివాడు జబ్బుపడరాదనియు స్నేహితులు చెప్పుదురు. పేరు తిప్పలు వేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందు, అక్కడివారికి చివర. పాస్‌పోర్టులో పేరంతయు ఒకే గడిలో పడినవాడు అమెరికా కాగితములలో ‘ఎఫ్.ఎన్.యు.’, అనగా ‘మొదటి పేరు తెలియదు’ అను వింత బిరుదుతో తిరుగవలసివచ్చును. ఇవి నవ్వుకొని సర్దుకొనదగినవే. తెలియక పోయినచో నష్టము కలిగించునవి వేరే యున్నవి.

నల్లజాతివారు పౌరులు కాజాలరని అమెరికా సుప్రీంకోర్టు 1857లో తీర్పు చెప్పెను. అంతర్యుద్ధము ముగిసి 1865లో బానిసత్వము రద్దయిన పిమ్మట, ఆ తీర్పును తుడిచివేయుటకై 1868లో రాజ్యాంగమునకు పదునాలుగవ సవరణను చేర్చిరి. ఆ గడ్డపై పుట్టి ఆ దేశపు చట్టములకు లోబడినవారెల్లరు పౌరులే యని దాని సారము. తరువాత, సాన్‌ఫ్రాన్సిస్కోలో చీనా తలిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అను వంటవాడు చీనా పోయి 1895లో తిరిగిరాగా, నీవు పౌరుడవు కావని అధికారులు అడ్డగించిరి. అతడు కోర్టుకెక్కి 1898లో గెలిచెను. నేడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తాత్కాలిక వీసాపై కాపురముండు తణుకు దంపతుల బిడ్డ పుట్టుకతోనే అమెరికా పౌరుడగుచున్నాడనిన, ఆ హక్కు పత్తిచేలలో మ్రగ్గినవారి సంతానమునకై వ్రాయబడినది. ఒక వంటవాడు పోరాడి నిలిపినది. అట్టి బిడ్డలకు ఆ హక్కు లేదని 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు చేయగా, ఆ యేడు పలు న్యాయస్థానములు దానిని ఆపినది ఈ సవరణను, ఈ తీర్పును చూపియే. అదే యింట, తణుకులో పుట్టి తల్లి చంక నెక్కి పోయిన అక్కకు ఆ రక్షణ లేదు. గ్రీన్‌కార్డు రాకమునుపే ఇరువదియొకటవ యేడు నిండినచో ఆమె తలిదండ్రుల వీసా నీడనుండి తొలగవలసినదే.

మా వాడు బాగా చదివినాడు గనుక రానిచ్చినారు, ఇందు ఎవరి పోరాటముతో పని యేమి యని అడుగువారున్నారు. వారు పొరుగుననున్న భీమవరము వైపు ఒకసారి చూడవలెను. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకంటె బాగుగా చదివినవారు ఎందరు? హార్వర్డులో పరిశోధన చేసి, లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకుడై, ఫోలిక్ ఆమ్లము మొదలు ఆరియోమైసిన్ వరకు లోకమునకు మందులిచ్చిన మహనీయుడాయన. అయినను 1946 వరకు ఆయన పౌరుడగుటకు చట్టమే అడ్డు. తెల్లవారికే పౌరసత్వమను 1790 నాటి మాటను పట్టుకొని, మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యములో పనిచేసిన పంజాబువాడైన భగత్‌సింగ్ థిండ్‌కు సుప్రీంకోర్టు 1923లో పౌరసత్వము కాదనెను. 1946 చట్టము తలుపును కొంచెముగా తెరచి, భారతదేశమునుండి ఏటా 100 మందికి మాత్రమే చోటిచ్చెను. సుబ్బారావు 1948లో పౌరుడు కాకయే కన్నుమూసెను. ప్రతిభయే తాళపుచెవి యైనచో ఆయనకు తెరచుకొనని తలుపు ఎవరికి తెరచుకొనును?

ఆ తలుపు నిజముగా తెరచినది 1965 అక్టోబరు నాటి వలస చట్టము. 1964లో పౌరహక్కుల చట్టము, 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టము, ఆ వెంటనే దేశములవారీ పాత కోటాల తొలగింపు. మూడును ఒకే కాలపు వేడిలో కాగినవి. నల్లజాతివారు లాఠీలకు, కుక్కలకు ఎదురునిలిచిన ఫలము పరాయిదేశపు ఇంజనీరుకు, వైద్యునికి కూడ దక్కెను. అట్టి తెలుగువాడు నేడు అట్లాంటాలో ఇల్లు కొనునపుడు, నల్లవారున్న పేట వద్దని ఏజెంటుతో చెవిలో చెప్పుట కంటె సిగ్గుచేటు మరొకటి లేదు.

డెల్టావారికి వలస కొత్త కాదు. గోదావరి జిల్లాల కూలీలు తరతరములు కాకినాడ వైపు రేవులలో ఓడలెక్కి రంగమునకు పోయిరి. 1930 మే నెలలో రంగూన్ రేవున తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టగా, వారి చోట బర్మావారిని పెట్టిరి. సమ్మె ముగిసి తెలుగువారిని మరల పిలువగానే బర్మావారు వీధిన పడిరి. చెలరేగిన కొట్లాటలలో నూరుమందికి మించి చనిపోయిరి. ఇరువురును పేదలే. ఒకరి కష్టము ఒకరికి తెలియదు, ఇరువురి అవసరము మాత్రము పనిచ్చువానికి తెలియును. నేడు అమెరికాలో వీసాలవారిపై కసరు మాటలను అసూయయని త్రోసిపుచ్చుట సులభము. తాను కూర్చున్న కుర్చీలో నిన్నటి వరకు ఎవరుండిరో, వారేమైరో అడిగి తెలిసికొనుట కష్టము. అయినను కొత్తగా చేరినవాడు ఆ కష్టము పడవలసినదే.

దేశపు సంగతులను అమెరికా ప్రభుత్వము అడుగకపోదు. పౌరసత్వమునకు 2025 అక్టోబరు 20 మొదలు దరఖాస్తు పెట్టినవారికి 128 ప్రశ్నల పట్టిక ఏర్పరచిరి. అందు 20 అడుగుదురు, 12టికి సరిగా బదులు చెప్పవలెను. కాని సాధారణముగా గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేండ్లకుగాని ఆ పరీక్ష రాదు. ఉద్యోగపు గ్రీన్‌కార్డులలో ఏ దేశమునకును నూటికి ఏడు మించరాదను నియమముచేత భారతీయుల వరుస దశాబ్దములు సాగుచున్నది. గడప దాటునాడు చెప్పవలసినదానిని జుట్టు నెరసిన పిదప అడుగుచున్నారన్నమాట.

ఆ పట్టిక ఎవరికైనను ఉచితముగా దొరకును. బానిసత్వమును గూర్చి, అంతర్యుద్ధమును గూర్చి, మార్టిన్ లూథర్ కింగును గూర్చి అందు ప్రశ్నలున్నవి. పట్టణములో వీసా ఇంటర్వ్యూ జవాబులు వల్లె వేయించువారు, ఒక సాయంకాలము కూర్చుండబెట్టి వానిలో ఇరువదింటినైనను చదివింపవచ్చును. కాన్సలేటు అధికారి అవి అడుగడు గదా యని వారందురు. నిజమే, అడుగడు.