మళ్ళీ ఒకసారి చెప్పండి

శనివారం మధ్యాహ్నం కాచిగూడలో రైలెక్కి ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లో దిగుతాను. ఉస్మానియా క్యాంపస్ మీదుగా తార్నాక దాకా నడిచి, ఒక స్నేహితురాలి ఇంటి ముందుగదిలో పదిమంది ఆడవాళ్ళని ఇంగ్లీషు మాట్లాడే, వినే పరీక్షలకి తయారు చేస్తుంటాను. వాళ్ళలో సగంమంది నర్సులు. మిగతావాళ్ళు భర్తలు బ్రిటన్‌లో ఉండగా వీసా కోసం ఎదురు చూస్తున్నవాళ్ళు. నేను సోషియాలజీ మనిషిని, ఇంగ్లీషు టీచర్ని కాను. తెలుగు మీడియంలో చదివి, పీహెచ్‌డీ మౌఖిక పరీక్షలో తెలిసిన జవాబుని కూడా గొంతులోనే మింగేసిన అనుభవం మాత్రం ఉంది. ఆ ఒక్క అర్హతతోనే ఈ పనికి ఒప్పుకున్నాను.

ఈ పరీక్షలేమిటో తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడటం, వినడం రెండింటిలోనూ 7 రావాలి. లేదా ఓఈటీ అనే ఆరోగ్యరంగ పరీక్షలో బి గ్రేడు రావాలి. ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. అందులో ఒక కార్డు ఇస్తారు. ఒక నిమిషం ఆలోచించుకుని దాని మీద రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. వినే పరీక్షలో 40 ప్రశ్నలు, టేపు ఒక్కసారే వినిపిస్తారు. ఇక భర్త దగ్గరికి వెళ్ళాలనుకునే వాళ్ళకి 2010 నవంబరు 29 నుంచి బ్రిటన్ ప్రభుత్వం ఏ1 స్థాయిలో మాట్లాడే, వినే పరీక్ష తప్పనిసరి చేసింది. భార్య దగ్గరికి వెళ్ళే భర్తకైనా ఇదే నియమం. ఇంగ్లీషులో చదివిన డిగ్రీ చూపించగలిగితే దీన్నుంచి మినహాయింపు ఉంది. అంటే చదువు మానిపించి పెళ్ళి చేసిన ఆడపిల్ల మీద, ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో ఆగిపోయిన ఆడపిల్ల మీద ఈ భారం పడుతోందన్నమాట. చదువు ఆపింది ఒకరు, పరీక్ష పెట్టింది మరొకరు, మధ్యలో నిలబడింది ఆమె.

మొదట్లో నేను కూడా లోపం ఇంగ్లీషులోనే ఉందనుకున్నాను. ఒకరోజు ఒక నర్సుకి కార్డు ఇచ్చాను. 'మీ అంతట మీరు తీసుకున్న ఒక నిర్ణయం గురించి చెప్పండి' అని ఉంది దాని మీద. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. ఆమె నోరు తెరవలేదు. పోనీ తెలుగులో చెప్పమన్నాను. అప్పుడూ మౌనమే. చివరికి, "నా అంతట నేను తీసుకున్నదా మేడమ్? అలాంటిదేముంది?" అంది. చదువు నాన్న నిర్ణయం, పెళ్ళి అన్నయ్య నిర్ణయం, విదేశం భర్త నిర్ణయం. పక్కనున్నావిడ, "నైట్ డ్యూటీలో ఎవరికో బీపీ పడిపోయిందని మొన్న చెప్పావు కదా" అని గుర్తు చేసింది. "డాక్టరుగారు వచ్చేలోపు సెలైను నేనే పెట్టాను. అది నిర్ణయం ఎలా అవుతుంది, డ్యూటీ కదా" అంది ఆమె. గదిలో అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ రోజు ఆమె ఆ రాత్రి గురించి తెలుగులో పది నిమిషాలు చెప్పింది. అదే కథని ఇంగ్లీషులోకి తెచ్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు నా దృష్టిలో కష్టమైనవి కావు. కష్టమైనది ఆ మొదటి పది నిమిషాలు.

మన ఇళ్ళూ బడులూ ఆడవాళ్ళకి వినడం నేర్పుతాయని అనుకుంటాం. నిజానికి నేర్పేది తలాడించడం. "ఒకసారి చెబితే అర్థం కాదా?" అన్న మాట అత్తగారి నోటా, టీచరు నోటా, డాక్టరు నోటా విని విని, అర్థం కాకపోయినా అయినట్టు తలూపడం అలవాటైపోయింది. పరీక్ష గదిలో తలూపుడికి మార్కుల్లేవు. కానీ పరీక్షకుణ్ణి ప్రశ్న మళ్ళీ చెప్పమని అడగొచ్చు, దానికి మార్కులు పోవు. ఈ సంగతి చెప్పినప్పుడు మా తరగతిలో చాలామంది నమ్మలేదు. అందుకే నేను మొదట నేర్పే వాక్యం 'మళ్ళీ ఒకసారి చెప్పండి'. దాన్ని ముందు తెలుగులోనే సాధన చేయిస్తాను. వారానికి ఒకసారైనా బస్సు కండక్టర్ని, బ్యాంకు గుమాస్తాని, మందుల షాపువాణ్ణి ఆ మాట అడిగి రావాలి. అడిగి వచ్చినవాళ్ళ ముఖాలు చూస్తే ఇది చిన్న పని కాదని తెలుస్తుంది.

కోచింగ్ సెంటర్లలో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ తయారుగా ఉన్న జవాబులు కంఠస్థం చేయిస్తారు. అందరి ఊరూ అందమైనదే, అందరి అభిమాన నాయకుడూ అబ్దుల్ కలామే. వాళ్ళనీ పూర్తిగా తప్పుపట్టలేను. మా తరగతి నర్సులకి ఒక్క పరీక్ష ఫీజంటే ఒక నెల జీతం. తప్పితే మళ్ళీ కట్టాలి. పాసైనా రెండేళ్ళు దాటితే సాధారణంగా ఆ ఫలితం చెల్లదు. ఈలోపు గర్భం వచ్చినా, ఇంట్లో ఎవరైనా మంచాన పడినా ఆమె మళ్ళీ మొదటికి రావాలి. అలాంటప్పుడు బట్టీ పట్టడమే దగ్గరి దారిగా కనిపిస్తుంది.

కానీ ఆ దారి ఎక్కడికి పోతుందో నేను చూశాను. మొదటి ఏడాది నేను కూడా బట్టీ పట్టించాను. ఒకమ్మాయి అలాగే పాసై భర్త దగ్గరికి వెళ్ళింది. మేమంతా స్వీట్లు పంచుకున్నాం. ఆరు నెలల తర్వాత ఫోన్ చేసింది. కడుపునొప్పితో ఆసుపత్రికి వెళ్ళిందట. "డాక్టరు నన్నడిగింది మేడమ్, జవాబు ఆయన చెప్పాడు. నొప్పి ఎప్పుడు మొదలైందో కూడా ఆయనే చెప్పాడు. ఎందుకు మొదలైందో ఆయన ఎలా చెప్తాడు?" అంది. ఆ చివరి ప్రశ్నకి అర్థం నాకు తెలిసింది, మీకూ తెలుస్తుంది. ఆమె చేతిలో పాసైనట్టు కాగితం ఉంది. తన ఊరు అందమైనదని చెప్పడం ఆమెకి వచ్చు. నా శరీరం గురించి నేనే చెప్తానని చెప్పడం మేం నేర్పలేదు.

ఈ నియమం స్త్రీలకి రక్షణ అనే వాదన ఉంది. భాష వస్తే ఇల్లు దాటి బయటపడగలరు, సహాయం అడగగలరు అంటారు. భాష రక్షణే, కాదనను. కానీ భాష నేర్పడం వేరు, భాష రాలేదని తలుపు మూయడం వేరు. బ్రిటన్‌లోనే ఇద్దరు పౌరురాళ్ళు, ఒకరి భర్త పాకిస్తాన్‌లోనూ మరొకరి భర్త యెమెన్‌లోనూ ఉండగా, ఈ నియమం మీద కోర్టుకెళ్ళారు. 2015 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు నియమాన్ని కొట్టివేయలేదు. అయితే నేర్చుకోవడం, పరీక్షకి వెళ్ళడం ఆచరణలో సాధ్యం కాని వాళ్ళ విషయంలో దాన్ని అమలు చేసే పద్ధతి కుటుంబ జీవితపు హక్కుని దెబ్బతీయవచ్చని మాత్రం గుర్తించింది. మన దగ్గర ఈ విషయం మీద ఎవరం పెద్దగా మాట్లాడలేదు.

నేను నడిచి వచ్చే క్యాంపస్‌కి ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. పై చదువులకి ఇంగ్లీషే దిక్కు కాదని అది రుజువు చేసింది. కానీ తెలంగాణ పల్లెల్లో తెలుగు మాట్లాడే ఆడపిల్లకి ఆ ఉర్దూ కూడా దూరమే. 1948 తర్వాత మాధ్యమం ఇంగ్లీషుకి మారింది. 1958లో పక్కనే ఇంగ్లీషు బోధన కోసం కేంద్ర సంస్థ వచ్చింది, ఇప్పుడది ఇఫ్లూ అనే కేంద్ర విశ్వవిద్యాలయం. భాష ఏదైనా, ఎవరి నోటికి దగ్గరది అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

వయోజన విద్య అంటే ఏమిటో మనకి నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు ఒకసారి చూపించారు. అక్షరాస్యత తరగతుల్లో సారా గురించిన పాఠం చదివి, వాళ్ళు అక్కడితో ఆగలేదు, తమ ఊరి సంగతి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంట రోసమ్మ లాంటి వాళ్ళ మాట సారా దుకాణాలు మూయించి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్ళింది. ఆ తరగతిలో జవాబులు పుస్తకంలో లేవు, కూర్చున్నవాళ్ళ దగ్గర ఉన్నాయి. పరీక్ష కోసం నడిపే తరగతికి ఆ గుణం ఎందుకు ఉండకూడదు?

అందుకే ఇలాంటి తరగతులు నడుపుతున్న, నడపాలనుకుంటున్న సంఘాలకి నావి మూడు సూచనలు. మొదటిది, ప్రతి కార్డు మీదా ముందు సొంత భాషలో మాట్లాడనివ్వండి. తెలుగైనా, ఉర్దూ అయినా, లంబాడీ అయినా. రెండోది, తయారు జవాబుల కాగితాలు పంచకండి. మూడోది, పరీక్షలో లేని నాలుగు వాక్యాలు కూడా నేర్పండి. బ్రిటన్ వెళ్ళేవాళ్ళకి పోలీసు సహాయానికి 999 అని చెప్పండి. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో డబ్బు కట్టకుండా దుబాసీని అడగొచ్చని చెప్పండి. "మా ఆయన వద్దు, దుబాసీ కావాలి" అన్న వాక్యం ఇంగ్లీషులో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా చేయండి.

ఆ అమ్మాయికి ఈ వాక్యం నేను ఫోన్లోనే నేర్పాను. మొదటిసారి గొంతు పెగల్లేదు. "మళ్ళీ ఒకసారి చెప్పండి మేడమ్" అంది. చెప్పాను. మీ ఊళ్ళలో ఇలాంటి పని చేస్తున్నవాళ్ళుంటే, మీరు ఏ వాక్యాలు నేర్పుతున్నారో, ఏవి పనికొచ్చాయో ఈ పత్రికకి రాయండి.