ఏజెన్సీ భూములను విదేశాల్లో ఉన్నవారికి అంటగట్టే దందాను అరికట్టాలని వినతిపత్రం

ఏటూరునాగారం ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి గారికి,
ములుగు జిల్లా కలెక్టరు, ప్రభుత్వ ఏజెంటు గారికి,

విషయం: 1/70 చట్టానికి విరుద్ధంగా మా ప్రాంత భూములను ప్లాట్లుగా చూపి, విదేశాల్లో ఉన్న తెలుగువారికి అమ్ముతున్న వ్యవహారంపై చర్య గురించి.

అయ్యా,

మేము ఏటూరునాగారం మండలంలోని కోయ, నాయకపోడు రైతులం. ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన పడి, 163వ నంబరు జాతీయ రహదారి మీద ఛత్తీస్‌గఢ్ దాకా రాకపోకలు పెరిగాక మా చేల గట్ల మీద కొత్త బేరగాళ్లు తిరుగుతున్నారు. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు, ఆ తర్వాత ములుగుకు గిరిజన విశ్వవిద్యాలయం, రెండేళ్లకోసారి మేడారం జాతర, వాజేడు వైపు బొగత జలపాతం. ఇవన్నీ బేరగాళ్ల నోట ఒకే మాటగా మారాయి: ఇవాళ గుంట కొంటే రేపు రెట్టింపు అని. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవారికి ఈ మాట ఫోన్లోనే చేరుతోంది.

మా పక్క ఊళ్లో జరిగింది మనవి చేస్తాం. ఒక భూముల ఏజెంటు మిర్చి చేను గట్టు మీద నిలబడి ఫోన్ అడ్డంగా పట్టుకొని, అవతల అమెరికాలో ఉన్న ఆసామికి వీడియోలో భూమి చూపిస్తున్నాడు. టేకు చెట్ల వైపు తిప్పాడు, రోడ్డు వైపు తిప్పాడు. చేలో మిర్చి ఏరుతున్న ఆడమనిషిని పక్కకు జరగమని చెయ్యి ఊపాడు. ఆమె ఎవరని ఫోన్లో అడిగితే ‘కూలామె సార్’ అన్నాడు. ఆ భూమి పట్టా ఆమె పేరు మీదే ఉంది.

తర్వాత తయారయ్యే కాగితం మేం చూశాం. వంద రూపాయల స్టాంపు, నోటరీ ముద్ర, నాలుగు హద్దులు, కింద వేలిముద్ర. అమ్మకం అన్న మాట ఎక్కడా కనపడదు. ‘అవసరార్థం చేబదులు తీసుకొని భూమిని అనుభవానికి అప్పగించితిని’ అని ఉంటుంది. ఇంకొందరు తొంభై తొమ్మిదేళ్ల లీజు అంటారు. మరికొందరు మాలోనే ఒకరి పేరు పెట్టుకొని, పెత్తనం తమ చేతిలో ఉంచుకుంటారు. రిజిస్ట్రేషన్ ఎందుకు లేదని కొనేవాళ్లు అడిగితే, ‘ధరణి పోయి భూభారతి వచ్చింది కదా, పోర్టల్ సర్దుకోగానే అయిపోతుంది’ అని నమ్మిస్తున్నారు. పోర్టల్ ఏదైనా ఆ రిజిస్ట్రేషన్ కాదు. కాకూడదనే చట్టం ఉంది.

తమకు తెలియని చట్టం కాదు. కానీ డబ్బు పంపేవారికి తెలియదు గనుక ఇక్కడ రాస్తున్నాం. 1959 నాటి ఒకటో రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో 1/70 రెగ్యులేషన్‌తో సవరించాక షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, ఏ స్థిరాస్తి అయినా షెడ్యూల్డ్ తెగల వ్యక్తికో, వారితో మాత్రమే ఏర్పడిన సహకార సంఘానికో తప్ప బదిలీ కావడానికి వీల్లేదు. ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. లీజు, తాకట్టు, దానం, మార్పిడి అన్నీ అందులోకే వస్తాయి. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. 1978 సవరణతో ఇది ఏడాది దాకా జైలు పడే నేరమైంది. జరిమానా మాత్రం రెండు వేల దగ్గరే ఉండటం వల్ల కాబోలు, ఏజెంట్లు దాన్ని కారు డీజిల్ ఖర్చులో కలిపేసుకుంటున్నారు.

విదేశాల్లో ఉన్నవారికి దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. విదేశీ మారకపు చట్టం ఫెమా నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు ఇక్కడ ఇల్లు, దుకాణం కొనుక్కోవచ్చు గానీ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే వేరే సంగతి. ఉల్లంఘిస్తే ఆ లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడవచ్చు. అంటే మా దగ్గర ‘ఫామ్ ప్లాటు’ కొన్న ప్రవాసి ఒకే సంతకంతో రెండు చట్టాలు దాటుతున్నాడు. రేపు అమ్మి డబ్బు తిరిగి తీసుకుపోదామంటే బ్యాంకుకు చూపించే కాగితం కూడా అతని దగ్గర ఉండదు. ఆస్తి కొనేవాడికి రక్షణ ఉండాలని దుబాయి ప్రభుత్వం సైతం 2007లోనే కొనుగోలుదారుల డబ్బు ప్రాజెక్టు పేర ప్రత్యేక ఖాతాలో వేయాలని చట్టం చేసింది. మన దగ్గర స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం వసూలైన సొమ్ములో 70 శాతం అలాగే విడిగా ఉంచమంటుంది. చేబదులు కాగితం మీద చేతులు మారే ప్లాటుకు రెరా ఎక్కడిది, ఖాతా ఎక్కడిది?

వాగుల సంగతి ఏ వీడియోలోనూ చూపించరు. 2023 జులైలో జంపన్నవాగు మా మండలంలోని కొండాయి మీద పడి ప్రాణాలు తీసింది. ఆ వాగు దారి మాకు తెలుసు, ఫోన్లో చూసేవారికి తెలియదు.

ఇక లాభం ఎవరికి? కొన్నవారికి హక్కు రాదు, అమ్మినవారికి అసలు ధర రాదు, భూమీ మిగలదు. మధ్యలో ఉన్నవాడికి రెండు వైపులా కమీషన్ వస్తుంది. చట్టం కొనుగోలుదారుడిని ఖాళీ చేయించే నాటికి ఏజెంటు ఫోన్ నంబరు మార్చేస్తాడు. అప్పుడు అమెరికా నుంచి దిగిన మనిషి తగాదా పెట్టుకునేది మాతోనే. మాకు ఆయన మీద కోపం లేదు. ఊళ్లో కిరాణా కొట్టు పెట్టుకొని దశాబ్దాలుగా మాతో బతుకుతున్న గిరిజనేతర పేదలతోనూ మాకు పేచీ లేదు.

మావాళ్లు ఎందుకు వేలిముద్ర వేస్తున్నారో కూడా చెప్పాలి. మిర్చికి పెట్టుబడి ఎక్కువ, ధర పడితే అప్పు మిగులుతుంది. వరంగల్ ఆసుపత్రికి పోవాల్సి వస్తే చేతిలో డబ్బుండదు. బ్యాంకుకు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకునే వీలు ఈ చట్టంలోనే ఉన్నా, ఏజెన్సీ భూమి అనగానే మేనేజరు ఫైలు మూసేస్తున్నాడు. ఆ మూసిన తలుపు దగ్గరే ఏజెంటు నిలబడి ఉంటాడు.

కాబట్టి తమరిని కోరేది ఇదీ. ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా, చట్టం ఇచ్చిన అధికారంతో ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు కోర్టులో సుమోటోగా కేసులు నమోదు చేయించాలి. మాకు అనుకూలంగా వచ్చిన తీర్పులు ఫైళ్లలో ఉండిపోతున్నాయి. సర్వేయరు వచ్చి హద్దురాళ్లు పాతి, పంచనామా రాసి భూమి చేతికిచ్చిన రోజునే తీర్పు అమలైనట్టు లెక్క వేయాలి. ఏజెన్సీ భూమిపై చేబదులు పేర కాగితాలు రాస్తున్న నోటరీలపై చర్యకు సిఫారసు చేయాలి. జాతీయ రహదారి మీద ఏజెన్సీ మొదలయ్యే చోట, 1/70 అంటే ఏమిటో చదివితే అర్థమయ్యే బోర్డు పెట్టాలి. షెడ్యూల్డ్ గ్రామాల జాబితాను, సర్వే నంబర్లను విదేశాల్లో ఉన్నవారూ చూసుకునేలా జిల్లా వెబ్‌సైట్‌లో ఉంచి, తానా, ఆటా వంటి ప్రవాస సంఘాలకు అధికారికంగా ఉత్తరం రాయాలి. కొనబోయే మనిషి అక్కడే ఆగిపోతే మా చేను దాకా ఏజెంటు రాడు. బ్యాంకర్ల సమావేశంలో మా పంట రుణాల సంగతి తేల్చాలి.

భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే అధికారం షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 పెసా చట్టం గ్రామసభకు కూడా ఇచ్చింది. మా ఊళ్ల గ్రామసభలు జరిపించి, ఇప్పటిదాకా రాసుకున్న స్టాంపు కాగితాలన్నీ అక్కడ బయటపెట్టించి, అవి చెల్లవని తమరే స్వయంగా వచ్చి చదివి వినిపించాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు
ఏటూరునాగారం మండల ఆదివాసీ రైతులు