బుట్టలో పురుగు పడితే చేను దున్నేస్తామా?

పత్తికాయలో గులాబీ రంగు పురుగు చేరినా పైకి కాయ పచ్చగానే కనిపిస్తుంది. అందుకే కాయ పగిలేదాకా ఆగకుండా ముందే లింగాకర్షక బుట్టలు కట్టుకుంటాం. ఇంట్లో ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘నొప్పి లేదుగా’ అని ఊరుకుంటున్నాం.

హెచ్‌పీవీ అనే వైరస్ లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు. చాలామందిలో ఏడాది, రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో ఏళ్ల తరబడి ఉండిపోయి, పదిహేను ఇరవై ఏళ్లకు గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్‌గా మారుతుంది. రక్తస్రావం కనిపించేసరికి తరచూ జబ్బు ముదిరే ఉంటుంది. వైరస్ ఉందని తేలిన భార్యను అనుమానించే మగవాళ్లకు ఒక మాట: అది ఎప్పుడో ఏళ్ల కిందట సోకి ఉండొచ్చు, భర్త నుంచే వచ్చి ఉండొచ్చు.

మరాఠ్వాడాలోని కరువు జిల్లా, అప్పటి ఉస్మానాబాద్ పల్లెల్లో 30 నుంచి 59 ఏళ్ల మహిళలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఫలితాలు 2009లో వచ్చాయి. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స ఇచ్చిన జట్టులో ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్‌తో 34 మంది చనిపోయారు. పరీక్ష చేయని జట్టులో 64 మంది. రెండు జట్లలోనూ ముప్పై వేలకు పైనే మహిళలున్నారు. కొందరిని పరీక్ష లేకుండా అలా వదిలేయడంపై తర్వాత పెద్ద వివాదం నడిచింది. ఆ విమర్శ న్యాయమైనదే. కానీ పేద పల్లెల్లో ఒక్క పరీక్ష ఇన్ని ప్రాణాలు నిలిపిందన్నదీ నిజమే.

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30-49 ఏళ్ల మహిళల్లో ఈ క్యాన్సర్‌కు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. అదే సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న మహిళల శాతంలో మన రెండు తెలుగు రాష్ట్రాలు ముందు వరుసలో ఉన్నాయి. తెల్లబట్ట అవుతోందని వెళితే ‘క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం’ అని భయపెట్టే ఆసుపత్రులు మనకు కొత్త కాదు. ఆపరేషన్‌కు అప్పు, ఆ తర్వాత వంగి కలుపు తీయలేని నడుము. పరీక్షలో వైరస్ ఉందని వస్తే అది క్యాన్సర్ కాదు. ముఖద్వారాన్ని మరోసారి నిశితంగా చూడాలి, మార్పు కనిపిస్తే అంతవరకే చికిత్స చేయాలి. బుట్టలో పురుగు పడిందని చేను దున్నేయం కదా!

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఈ పరీక్ష ఉచితంగా చేయాలని మన సంఘం డిమాండ్ చేస్తోంది. నమూనాను మహిళలు తామే తీసుకోవచ్చు కాబట్టి ఆశా కార్యకర్త ద్వారా ఇంటి దగ్గరే సేకరించవచ్చు. శిబిరాలు నాట్లప్పుడు, పత్తి తీతలప్పుడు పెడితే ఎవరొస్తారు? కూలి పోగొట్టుకుని రమ్మనడం న్యాయమూ కాదు. ఫలితం ఊరికే రావాలి, చికిత్స అవసరమైనవారిని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లే బాధ్యత ప్రభుత్వమే తీసుకోవాలి. వచ్చే మండల కమిటీ సమావేశాల్లో ఎరువుల కొరతతో పాటు ఈ అంశాన్నీ చర్చకు పెడుతున్నాం. సభ్యులు ఇంట్లో ఆడవాళ్లను కూడా వెంటబెట్టుకుని రావాలి.