ఒక్కసారి నాటితే...

పిల్లలూ, ఒక దేశంలో భూమి ఎట్లా వినియోగం అవుతున్నదో లెక్కగట్టేవాళ్ళు దాన్ని రకరకాలుగా విడదీస్తారు. ఏటేటా దున్ని విత్తే నేల ఒకటి, పశువులు మేసే బీడు ఒకటి, అడవి ఒకటి. ఇవిగాక ఒక్కసారి నాటితే ఏళ్ళ తరబడి కాపు ఇచ్చే కొబ్బరి, మామిడి, కాఫీ, తేయాకు, రబ్బరు, ద్రాక్ష మొదలైనవి ఉన్న నేల మరొకటి. వీటిని శాశ్వత పంటలు అంటారు. కలప కోసం పెంచే టేకు ఈ లెక్కలోకి రాదు. అరటి వస్తుంది! గెల వేసిన చెట్టు చచ్చినా పక్కన పిలక సిద్ధంగా ఉంటుంది గదా.

ప్రపంచం మొత్తం మీద ఇటువంటి నేల నూరెకరాలకు రెండెకరాలైనా లేదు. మన దేశంలో 4 ఎకరాలకు కాస్త పైన ఉన్నది. పసిఫిక్ సముద్రంలోని కిరిబాటి దీవులలో మాత్రం సుమారు 40! అక్కడ పగడపు ఇసుకనేల తప్ప మరేమీ లేదు. అందులో వరి పండదు, కొబ్బరి బతుకుతుంది.

శ్రీలంకలో ఈ లెక్క 16 దాకా ఉన్నది. ఇప్పుడక్కడి కొండల మీద ఎటు చూసినా తేయాకే. కాని నూటయాభై యేళ్ళ కిందట ఆ కొండలనిండా కాఫీ ఉండేది. ఇంగ్లీషు దొరలు అడవులు నరికించి, కొండ తరవాత కొండ వరసగా కాఫీయే వేయించారు. 1869లో ఒక తోటలో ఆకుల అడుగున నారింజరంగు పొడి కనిపించింది. అది తుప్పు తెగులు, ఒక రకం బూజు. దాని పొడి గాలికి ఎగిరి పక్క తోటలో పడేది. ఆకులు రాలేవి, చెట్టు నీరసించేది, కాపు తగ్గేది.

వరి రైతుకు ఒక యేడు పంట పోతే మరుసటి యేడు మినుములు చల్లుకోవచ్చు. కాఫీమొక్క కాపుకు రావటానికే మూడు నాలుగేళ్ళు పడుతుంది. అందుచేత దొరలు ఈ యేడు కాకపోతే వచ్చే యేడు తగ్గుతుందని చూస్తూ కూర్చున్నారు. 1880లో వార్డ్ అనే యువశాస్త్రజ్ఞుడు ఇంగ్లండునుంచి వచ్చి, మధ్య మరో చెట్టు అడ్డం లేకుండా కాఫీయే వెయ్యటంవల్ల తెగులుకు దారి సులువయిందని తేల్చాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. 1890 నాటికి కాఫీ దాదాపు మాయమయింది. దొరలెందరో దివాలా తీశారు. తమిళదేశంనుంచి పనికి వచ్చిన కూలీల బతుకు అంతకన్న కష్టమయింది. వాళ్ళకు అమ్ముకోవటానికి తోటలు కూడా లేవు.

అయితే, జేమ్స్ టేలర్ అనే స్కాట్లండు మనిషి కాండీ దగ్గర 1867లోనే, అంటే తెగులుకు ముందే, 19 ఎకరాలలో తేయాకు వేసి ఉన్నాడు. అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకున్నవారు లేరు. ఇప్పుడందరూ కాఫీ మొక్కలు పీకించి అదే వేశారు. ఆ ఎండు మొద్దులు ఇంగ్లండు చేరి టీబల్లలకు కాళ్ళయ్యాయని కూడా చెబుతారు!

మన కోనసీమవాళ్ళకు ఈ కష్టం కొత్తది కాదు. 1996 నవంబరు తుపానులో కొబ్బరిచెట్లు కూలినప్పుడు, మళ్ళీ మొక్క నాటి కాయకోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి వచ్చింది.

తుప్పు తెగులు శ్రీలంకతో ఆగలేదు. సముద్రాలు దాటి 1970లో బ్రెజిల్ చేరింది.