చర్మమున మందు, చెవిలో పూవు

గతవారము రేపల్లెనుండి వచ్చిన కక్షిదారొకరు, పొలముగట్టు తగవు చెప్పుటకు ముందే, నడుమునకు కట్టుకొన్న పట్టీ నొకదానిని మాకు చూపెను. అందలి స్వల్పవిద్యుత్తు చర్మముగుండ ఔషధమును పంపి రక్తపుపోటును నయము చేయునని కరపత్రము. మాత్రలు మానివైచి యిరువది దినములైనదట! దావా సంగతి తరువాత చూతము, ముందు వైద్యునియొద్దకు పొమ్మంటిమి.

ఈ విద్య బొత్తిగా బూటకము కాదు. చిక్కంతయు నచ్చటనే యున్నది. సజాతి విద్యుత్తులు పరస్పరము వికర్షించుకొనును. ధనావేశముగల మందును ధనధ్రువము క్రింద నుంచి స్వల్పప్రవాహమును పంపినచో, నది చర్మపు పైపొరను దాటి లోనికి పోవును. 20వ శతాబ్ది యారంభమున ఫ్రెంచి పండితుడు స్టెఫాన్ లెడ్యూక్ రెండు కుందేళ్లపై విషములతో దీనిని ఋజువు పరచెను, అవి చచ్చెను. ధ్రువములు తారుమారు చేసిన ప్రయోగమున కుందేళ్లు బ్రతికెను. మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటి రక్తపుపోటు మందులపైనను ప్రయోగశాలలలో పరీక్షలు జరిగినవి.

పరీక్ష వేరు, అంగడి వేరు. 1984లో అమెరికాయందు అనుమతి పొందిన క్లోనిడిన్ పట్టీని వారమున కొకటి చొప్పున అంటింతురు. అందు విద్యుత్తే లేదు. పార్శ్వపు తలనొప్పికై 2013లో అచ్చటనే అనుమతి పొందిన బ్యాటరీ పట్టీ, చర్మమును కాల్చి మచ్చలు చేయుచున్నదని 2016లో అమ్మకము నిలిపిరి. అన్ని పరీక్షలు దాటినదానికే ఆ గతి పట్టగా, సంతలో బేరమాడి కొన్నదానికి పూచీ యెవరు? మా కక్షిదారుని పట్టీలోనో, మందు చుక్కయైనను లేదు!

ఏ నొప్పియు లేనివాడు నిత్యము మాత్ర మ్రింగుట కష్టమే. ఆ విసుగే ఈ బేరగాండ్రకు పెట్టుబడి.

1954 నాటి ఔషధ, ఇంద్రజాలచికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టపు అనుబంధమున రక్తపుపోటు స్పష్టముగా పేర్కొనబడినది. దానిని నయము చేయుదుమని ప్రకటించుట నేరము. కరపత్రమును చట్టదృష్టిలో ప్రకటనయే. మొదటి తప్పునకే ఆరు నెలలవరకు కారాగారము, లేదా జరిమానా, లేదా రెండును. తెనాలి, బాపట్ల, రేపల్లె న్యాయవాదులమగు మనము దీనిక్రింద ఎన్ని ఫిర్యాదులు వ్రాసితిమి? మా మట్టుకు మేమొకటియు వ్రాయలేదు. చెల్లని చెక్కుల వ్యాజ్యములకు మాత్రము తీరిక చిక్కుచున్నది. బాపట్లయందు ఫార్మసీ కళాశాల కలదు. అచ్చటి యధ్యాపకులు ఒక ఆదివారము పఠనాలయమునకు వచ్చి, ఈ ధ్రువముల గుట్టు నలుగురికి తెలియు తెనుగున చెప్పరాదా?

కరపత్రమును మేము భద్రపరచితిమి. అట్టివి చేతికందినవారు, కొన్న చోటును తేదీని వెనుక వ్రాసి, సోమవారములోపల పఠనాలయమున నిచ్చినచో, అన్నింటిని జతపరచి ఔషధ నియంత్రణాధికారికి ఫిర్యాదు పంపెదము.