వంశావళి ఎవరి గృహమున ఉండవలెను?

మహాలయ పక్షము. తర్పణవేళ పురోహితుడు "మాతుఃపితామహి నామధేయము?" అని అడుగును. యజమాని చేతిలో తిలోదకము సిద్ధముగా నున్నది, నోట మాత్రము మాట లేదు. విదేశముననున్న అన్నగారికి ఫోన్ చేసిననూ ప్రయోజనముండదు. గోత్రము తెలియనివారు కాశ్యప గోత్రమును చెప్పుకొను సంప్రదాయము మనకు కలదు. అది ఆపద్ధర్మము. విస్మృతి వలన ఆ ఆపద్ధర్మమే మన ఇండ్లలో నిత్యధర్మమైపోవుచున్నది.

దీనికి పరిష్కారముగా పెక్కుమంది చేయుచున్న పని మరింత అనర్థకరమైనది. ఏదో ఒక వాణిజ్య వెబ్‌సైట్‌లో ఖాతా తెరచి తాతలు, తల్లులు, పసిపిల్లల పేర్లు, జన్మదినములు సమస్తమును అందులో నింపుచున్నారు. "సులభముగా నున్నది గదా, దోషమేమి?" అని పూర్వపక్షము.

దోషమిది. వంశావళి ఏ ఒక్కని స్వార్జితమూ కాదు. అది పూర్వులు మనయందుంచిన నిక్షేపము, రాబోవువారికి అప్పగించవలసినది. నిక్షేపమును పరులకు ధారపోయు అధికారము రక్షకునికి లేదు. 2023లో ట్వెంటీత్రీఅండ్‌మీ అను అమెరికా జన్యుపరీక్షా సంస్థలో దుండగులు నేరుగా ప్రవేశించినది సుమారు 14,000 ఖాతాలలోనికే. కాని బంధుత్వపు లంకెల ద్వారా బయటపడినది సుమారు 69 లక్షల మంది సమాచారము. ఒకని ఖాతాకు కన్నము పడగా ఎరుగని జ్ఞాతుల వివరములు కూడ చోరుల పాలైనవి. 2025 మార్చిలో ఆ సంస్థయే దివాలా రక్షణకై న్యాయస్థానము నాశ్రయించినది.

కావున వంశావళి స్వగృహమున, స్వాధీనమున ఉండవలెను. అందుకు గ్రాంప్స్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కలదు. 2001లో ఆరంభమై స్వచ్ఛంద సేవకులచే నేటికీ పోషింపబడుచున్నది. మూల్యము లేదు, ఖాతా తెరువ నక్కరలేదు. వ్రాసినదంతయు మీ కంప్యూటర్ డిస్క్‌లోనే నిలుచును. విండోస్, మ్యాక్ గలవారు గ్రాంప్స్ ప్రాజెక్ట్ వారి స్వీయ వెబ్‌సైట్ నుండియే ఇన్‌స్టాలర్‌ను దింపుకొనవలెను, అన్యస్థలముల నుండి వలదు. ఉబుంటు, డెబియన్ గలవారికి వారి సాఫ్ట్‌వేర్ భాండారములోనే లభించును. తెరచిన పిదప ఫ్యామిలీ ట్రీస్ అను చోట క్రొత్త వృక్షమును సృష్టించి, మీ పేరుతో ఆరంభించి, తల్లిదండ్రుల మీదుగా పైకి పోవలెను. తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును.

"పితృకార్యమునకు పాశ్చాత్య యంత్రమేల? అందులో గోత్రము లేదు, తిథి లేదు" అని కొందరు ఆచారపరుల ఆక్షేపణ. అందులో సగము సత్యము. గ్రాంప్స్‌లో యూదు, ఇస్లామీ, పారసీక కాలగణనలు కలవు గాని మన పంచాంగము లేదు. అయిననేమి? గోత్రము, ప్రవర, సూత్రము, మృతతిథి అను శీర్షికలను మనమే కల్పించుకొనవచ్చును. దత్తపుత్రుని దత్తునిగానే చూపు ఏర్పాటు కూడ అందు కలదు. గయ, హరిద్వారములలో పండాలు కాగితపు బహీలలో వంశములను వ్రాసి రక్షించిరి. తెలుగునాట వంశరాజులు ఇంటింటికీ వచ్చి గోత్రములను, వంశములను గానము చేసిరి. తాటాకు కాగితమైనపుడు చెడని ధర్మము, కాగితము కంప్యూటరైనపుడు చెడునా?

చెడునది అసత్యము వలన. పేర్లు దొరకనిచోట రాజులను, సంస్థానాధీశులను అతికించి వంశగౌరవమును పెంచుకొనువారు కలరు. ఛాందోగ్యమున జబాల కుమారునితో గోత్రము తనకు తెలియదనియే చెప్పినది. సత్యకాముడు గురువునెదుట ఆ మాటనే చెప్పెను. హారిద్రుమత గౌతముడు అతనిని స్వీకరించినది గోత్రమును చూచి కాదు, సత్యమును చూచి. గ్రాంప్స్‌లో ప్రతి వివరమునకు ఆధారమును, ఆ ఆధారముపై మీ విశ్వాసము ఎంతటిదో కూడ నమోదు చేయవచ్చును. "పెద్దమ్మ చెప్పినది, నిశ్చయము లేదు" అని వ్రాయుట అవమానము కాదు. అట్లే స్త్రీల పేర్లను విడువరాదు. బృహదారణ్యకము చివరి గురువంశములో ఆచార్యులు తల్లుల పేరిట, ఫలానా తల్లి పుత్రుడని, స్మరింపబడిరి. ఆడపడుచుల శాఖలను త్రుంచి గీయు మన వంశవృక్షములకు ఏ శ్రుతి ప్రమాణము?

చివరి పూర్వపక్షము వేదాంతులది: "ఆత్మకు తల్లి ఎవరు, తండ్రి ఎవరు? ఈ పేర్ల పట్టిక బంధమే గదా!" మహాశయులారా, సన్యాసము స్వీకరించువాడు సైతము ముందు పితృదేవతలకు, ఆపై తనకును శ్రాద్ధము పెట్టుకొనియే బయలుదేరును. తెలిసి విడుచుట త్యాగము. తెలియకపోవుట మరపు మాత్రమే. మరపునకు వేదాంతమును సాకుగా చూపుట వేదాంతమునకే అపచారము.

ఒక హెచ్చరిక. ఇంటిలో నున్నంత మాత్రమున రక్షణ కలుగదు, డిస్క్ చెడిన అంతయు పోవును. నెలకొకసారి బ్యాకప్ తీసి, మరొక ఊరిలోని సోదరునికో సోదరికో ఒక ప్రతిని ఇచ్చి ఉంచుడు. ఇతరులకు పంపు ప్రతిలో జీవించియున్నవారి వివరములు లేకుండ ఎంపిక చేయుడు.

మీ ఇంటి వృద్ధురాలికి నేడు జ్ఞాపకమున్న పేరు వచ్చే మహాలయమునకు ఉండునని నమ్మకము లేదు. ఇన్‌స్టాల్ చేయుటకు పట్టునది కొద్ది నిమిషములే. ముందు ఆమె చెంత కూర్చుండి అడుగుడు.