మొదటి పీఠం బ్లాక్ సబ్బాత్‌దే

అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఎటు చూసినా కోచింగ్ సెంటర్లు, ర్యాంకుల బోర్డులే. మరి హెవీ మెటల్ సంగీతంలో ఫస్టు ర్యాంకు ఎవరిది? అమ్మకాల్లో లెడ్ జెప్పెలిన్, వాద్య వేగంలో డీప్ పర్పుల్ మిన్న అన్నది ఒప్పుకోవలసిందే. అయినా 1970లో తొలి రికార్డుతోనే ఈ బాణీకి పునాది వేసినది బ్లాక్ సబ్బాత్ బృందం.

గిటారిస్టు టోనీ అయోమీకి పదిహేడో ఏట బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో, తీగలు నొక్కే చేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తీగలు వదులు చేసి వాయించాడు. ఆ బరువైన నాదమే తర్వాతివారికి బాట అయింది. 2025 జూలై 5న ఆ ఊళ్లోనే జరిగిన వీడ్కోలు కచేరీలో మెటాలికా వంటి హేమాహేమీలు సబ్బాత్ పాటలు పాడడమే ఇందుకు నిదర్శనం. పదిహేడు రోజులకే గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ కన్నుమూశాడు.

అమ్మకాలు చూసి కాదు, బాట వేసినవారెవరో చూసి పీఠం వేయాలి. మార్కులు తగ్గాయని కుంగిపోయే మన హాస్టలు కుర్రాళ్లు ఆ తెగిన వేళ్లను ఒకసారి తలచుకోవడం మంచిది.